పోటీదారులు కలిసి పరిశోధించే చోటు: యూరప్ చిప్‌ల గురించి పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో యూరోపియన్ యూనియన్ చిప్‌ల చట్టం గురించి ఒక పేజీ కథనం ప్రచురించాం. 2023 సెప్టెంబరు 21న అమల్లోకి వచ్చిన ఆ చట్టం 4,300 కోట్ల యూరోల పెట్టుబడిని కూడగట్టాలనీ, ప్రపంచ చిప్‌ల ఉత్పత్తిలో యూరప్ వాటాను 2030 నాటికి 20 శాతానికి చేర్చాలనీ లక్ష్యంగా పెట్టుకున్నదని అందులో రాశాం. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కర్మాగారాల కన్నా వాటి వెనుక జరుగుతున్న ఉమ్మడి పరిశోధన గురించే అడిగాయి. నిజానికి ఎక్కువగా చెప్పుకోవలసినది కూడా దాని గురించే కాబట్టి, ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మన ఫోన్లలోని చిప్‌లకు రూపకల్పన చేసేది ఎక్కువగా అమెరికా కంపెనీలు, తయారుచేసేది తైవాన్, దక్షిణ కొరియా. ఇందులో యూరప్‌కు చోటెక్కడ ఉంది?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: చిప్ మీద యూరప్ పేరు కనిపించకపోయినా, ఆ చిప్ మీద గీతలు ముద్రించే యంత్రం యూరప్‌లోనే తయారవుతుంది. అత్యాధునిక చిప్‌లకు తప్పనిసరి అయిన ఈయూవీ లితోగ్రఫీ యంత్రాలను (అతి తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత కాంతితో గీతలు ముద్రించేవి) ప్రపంచం మొత్తం మీద ఒకే ఒక్క కంపెనీ అమ్ముతున్నది. అది నెదర్లాండ్స్‌లోని వెల్డ్‌హోవెన్‌లో ఉన్న ఏఎస్‌ఎంఎల్. ఫిలిప్స్, ఏఎస్‌ఎం ఇంటర్నేషనల్ అనే రెండు డచ్ కంపెనీలు కలిసి 1984లో దీన్ని ప్రారంభించాయి. అయితే ఈ యంత్రం ఏఎస్‌ఎంఎల్ ఒక్కదాని సృష్టి అనుకుంటే మాత్రం పొరపాటే. దాని లోపల ఏం జరుగుతుందో చూస్తే, ఎన్ని చేతులు కలిస్తే ఇది సాధ్యమయిందో తెలుస్తుంది.

అంతకు ముందు తరం యంత్రాలు 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని వాడతాయి. ఈయూవీ యంత్రం వాడేది 13.5 నానోమీటర్ల కాంతిని. ఈ కాంతిని గాలి పీల్చేసుకుంటుంది, గాజూ పీల్చేసుకుంటుంది. అందువల్ల కాంతి ప్రయాణించే దారి మొత్తాన్ని శూన్యంగా ఉంచాలి, కటకాలకు బదులు అద్దాలే వాడాలి. ఆ కాంతిని పుట్టించడం మరో ఎత్తు. కరిగిన తగరాన్ని, మిల్లీమీటరులో సుమారు నలభయ్యో వంతు ఉండే బొట్లుగా శూన్యంలోకి వదులుతారు. ఎగురుతున్న ఒక్కో బొట్టునూ లేజర్ రెండుసార్లు కొడుతుంది. మొదటి దెబ్బకు బొట్టు చదునుగా పరుచుకుంటుంది. రెండో దెబ్బకు అది ప్లాస్మాగా మారి, కావలసిన కాంతిని వెదజల్లుతుంది. ఇది సెకనుకు 50,000 సార్లు జరుగుతుంది.

ఆ లేజర్‌ను జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గరి ట్రుంఫ్ కంపెనీ తయారుచేస్తుంది. అద్దాలు అదే దేశంలోని ఓబర్‌కోఖెన్‌లో ఉన్న జైస్ నుంచి వస్తాయి. మాలిబ్డినం, సిలికాన్ పొరలను కొన్ని నానోమీటర్ల మందంతో ఒకదాని మీద ఒకటిగా డజన్ల కొద్దీ పేర్చి ఈ అద్దాలను చేస్తారు. ఇంత చేసినా ఒక్కో అద్దం తన మీద పడిన కాంతిలో సుమారు 70 శాతాన్నే తిప్పి పంపగలదు. పది అద్దాలను వరుసగా దాటేసరికి మొదటి కాంతిలో మూడు శాతం కూడా మిగలదు. అద్దం నునుపు గురించి జైస్ ఇంజనీర్లు చెప్పే లెక్క ఒకటుంది: ఆ అద్దాన్ని జర్మనీ దేశమంత పెద్దది చేస్తే, దాని మీద కనిపించే అతి పెద్ద గుట్ట ఎత్తు మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది.

న్యాయంగా చెప్పాలంటే ఈ విజ్ఞానం పూర్తిగా యూరప్‌లో పుట్టినది కాదు. 1980లలో జపాన్‌లోనూ, ఆ తర్వాత అమెరికా జాతీయ ప్రయోగశాలల్లోనూ తొలి అడుగులు పడ్డాయి. కాంతి జనకాన్ని తయారుచేసిన సైమర్ అమెరికాలోని శాన్‌డియేగో కంపెనీ. దాన్ని ఏఎస్‌ఎంఎల్ 2013లో కొనుగోలు చేసింది. యూరప్ చేసినది మరొకటి. మిగిలినవారు నమ్మకం సడలించుకున్న కాలంలో కూడా కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు కలిసి యూక్లిడెస్, మోర్ మూర్ వంటి ఉమ్మడి ప్రాజెక్టుల ద్వారా పనిని వదలకుండా కొనసాగించాయి. ఏఎస్‌ఎంఎల్ తన తొలి ప్రయోగాత్మక ఈయూవీ యంత్రాలు రెండింటినీ 2006లో పరిశోధన కేంద్రాలకే పంపింది. ఒకటి న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీకి, మరొకటి బెల్జియంలోని లూవెన్‌కు వెళ్లాయి. ఈయూవీతో చిప్‌ల భారీ ఉత్పత్తి మొదలైనది 2019లో. మధ్యలో గడిచిన పదమూడేళ్లలో లాభం చూపలేని యంత్రం మీద ఖర్చు పెడుతూ పోవడం ఏ ఒక్క కంపెనీ వాటాదారులకూ సులభంగా మింగుడుపడేది కాదు.

ప్రశ్న: మార్కెట్‌లో ఒకరినొకరు పడగొట్టాలని చూసే కంపెనీలు ఒకే ప్రయోగశాలలో ఎలా పనిచేస్తాయి? రహస్యాలు బయటపడవా?
– విశ్రాంత అధ్యాపకుడు, విజయవాడ

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నింటిలోకీ అసలైన ప్రశ్న ఇదేనని మాకు అనిపించింది. దీనికి జవాబు లూవెన్‌లోనే ఉంది.

బ్రస్సెల్స్‌కు తూర్పున కొద్ది దూరంలో ఉన్న ఈ విశ్వవిద్యాలయ పట్టణంలో 1984లో ఫ్లాండర్స్ ప్రాంతీయ ప్రభుత్వం ఐమెక్ అనే పరిశోధన సంస్థను స్థాపించింది. లూవెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రోజర్ వాన్ ఓవర్‌స్ట్రాటెన్ దానికి తొలి అధ్యక్షుడు. దాదాపు 70 మందితో మొదలైన ఆ సంస్థలో ఇప్పుడు ఐదు వేలకు పైగా మంది పనిచేస్తున్నారు. అది లాభాపేక్ష లేని సంస్థ. తన పేరుతో చిప్‌లు అమ్మదు. అందరికీ నచ్చే లక్షణం ఇదే. తమతో పోటీకి రాదని తెలిసిన చోటికే ఇంటెల్, శామ్‌సంగ్, టీఎస్‌ఎంసీ వంటి కంపెనీలు తమ ఇంజనీర్లను పంపగలవు.

1990ల ఆరంభంలో ఐమెక్ ఒక పద్ధతిని రూపొందించింది. ఒక పరిశోధన విషయాన్ని తీసుకుని, దాని మీద ఆసక్తి ఉన్న కంపెనీలన్నింటినీ ఒకే కార్యక్రమంలో చేర్చుకుంటుంది. ప్రతి కంపెనీ ఏటా రుసుము చెల్లిస్తుంది, కొందరు ఇంజనీర్లను లూవెన్‌కు పంపుతుంది. వారు కొన్ని సంవత్సరాలపాటు అక్కడే ఉండి ఐమెక్ శాస్త్రవేత్తలతో కలిసి పనిచేస్తారు. కార్యక్రమంలో తేలిన ఉమ్మడి ఫలితాలను వాడుకునే హక్కు సభ్యులందరికీ ఉంటుంది. ఒక కంపెనీ ఇంజనీర్లు ఐమెక్‌తో కలిసి కనిపెట్టిన వాటి మీద యాజమాన్యాన్ని ఇద్దరూ పంచుకుంటారు. తన సొంత ఉత్పత్తికే పనికివచ్చే పరిశోధన కావాలంటే కంపెనీ వేరుగా డబ్బు కట్టి, వేరుగా ఒప్పందం చేసుకోవాలి. ఆ ఫలితం దానికే చెందుతుంది. ఏది ఉమ్మడి, ఏది సొంతం అన్న గీతను పని మొదలుకాక ముందే ఒప్పందంలో గీస్తారు. రహస్యాలకు రక్షణ ఆ గీతే. రెండో రక్షణ కాలం. ఉమ్మడి పరిశోధన జరిగేది చాలా ఏళ్ల తర్వాత మార్కెట్లోకి వచ్చే పరిజ్ఞానం మీద కాబట్టి, ఈ రోజు అమ్మకాల పోటీకి దానితో నేరుగా సంబంధం ఉండదు.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. చిప్‌లను తయారుచేసే పలుచని సిలికాన్ బిళ్లను వేఫర్ అంటారు. దాని మీద కాంతికి స్పందించే రెసిస్ట్ అనే రసాయన పూత పూస్తారు. కాంతి పడిన చోట పూత గుణం మారుతుంది, దాన్ని బట్టి గీతలు ఏర్పడతాయి. ఈయూవీ కాంతిలో ఒక్కో ఫోటాన్ (కాంతి కణం) శక్తి సుమారు 92 ఎలక్ట్రాన్ వోల్టులు. ఇది 193 నానోమీటర్ల కాంతిలోని ఫోటాన్ శక్తికి పద్నాలుగు రెట్లకు పైనే. అంటే అంతే శక్తిని పూత మీద పడేలా చేసినా, పడే ఫోటాన్ల సంఖ్య పద్నాలుగో వంతుకు తగ్గిపోతుంది. సంఖ్య తగ్గినకొద్దీ యాదృచ్ఛికత పెరుగుతుంది: ఒకచోట నాలుగు ఎక్కువ పడతాయి, పక్కనే నాలుగు తక్కువ పడతాయి. తక్కువ పడిన చోట తెరుచుకోవలసిన రంధ్రం తెరుచుకోదు, ఎక్కువ పడిన చోట విడివిడిగా ఉండవలసిన రెండు రంధ్రాలు కలిసిపోతాయి. కోట్లాది రంధ్రాలున్న చిప్‌లో అలాంటిది ఒక్కటి చాలు, మొత్తం చిప్ పనికిరాకుండా పోవడానికి.

దీన్ని ఎవరు సరిచేయాలి? కాంతిని పెంచమంటే యంత్రం తయారుచేసేవారికి భారం. పైగా వేఫర్లు నెమ్మదిగా కదిలి ఉత్పత్తి ఖర్చు పెరుగుతుంది. పూతను మార్చమంటే రసాయన కంపెనీలు చూడాలి, వాటిలో ప్రధానమైనవి జపాన్‌వి. ఆ తర్వాత పూతను చెక్కే పద్ధతినీ, లోపాలను వెతికే పరికరాలనూ మార్చాలి. సమస్య వీరందరిదీ, పరిష్కారం మాత్రం ఏ ఒక్కరి చేతిలోనూ లేదు. అందుకే జపాన్ కంపెనీ జేఎస్‌ఆర్ 2016లో ఐమెక్‌తో కలిసి, ఈయూవీ రెసిస్టుల తయారీ, నాణ్యత పరీక్షల కోసం లూవెన్‌లోనే ఒక ఉమ్మడి కేంద్రాన్ని ఏర్పాటు చేసింది. చిప్ తయారీదారు, యంత్ర తయారీదారు, రసాయన తయారీదారు ఒకే వేఫర్‌ను ఒకే సూక్ష్మదర్శిని కింద చూసి, ఒకే లోపం గురించి మాట్లాడుకోగలిగే చోటు ప్రపంచంలో ఎక్కువగా లేదు. యూరప్ చిప్‌ల రంగంలో సాధించిన వాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదేనని మా అభిప్రాయం.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. యూరప్ పన్నుల డబ్బుతో పెరిగిన సంస్థ ఫలితాలను తైవాన్, అమెరికా, కొరియా కంపెనీలు తీసుకుపోతున్నాయి కదా అని. తీసుకుపోతున్నది నిజమే. కానీ ఆ కంపెనీలు కట్టే రుసుములు లేకుండా ఏ ప్రాంతీయ ప్రభుత్వమూ ఆ స్థాయి క్లీన్‌రూమ్‌ను (దుమ్ము చేరకుండా కాపాడే ప్రయోగశాలను) నడపలేదు. వారి ఇంజనీర్లు రాకపోతే అసలు సమస్యలేమిటో కూడా ఐమెక్‌కు తెలియదు. తలుపులు మూసేస్తే మిగిలేది ఖాళీ గదే.

ప్రశ్న: ఈ ఉమ్మడి ప్రయత్నాలు ఎప్పుడు మొదలయ్యాయి? అన్నీ విజయవంతం అయ్యాయా?
– చరిత్ర పరిశోధక విద్యార్థి, గుంటూరు

జవాబు: అన్నీ కాలేదు. మెమరీ చిప్‌లలో జపాన్ దూసుకుపోతున్న 1980లలో యూరప్ దేశాలకు భయం పట్టుకుంది. అప్పటి యూరోపియన్ కమిషన్ సభ్యుడు ఎతియెన్ దవిన్యోన్ పన్నెండు పెద్ద కంపెనీల అధిపతులను ఒక చోట కూర్చోబెట్టగా, ఎస్ప్రిట్ అనే ఉమ్మడి పరిశోధన కార్యక్రమం 1984లో పూర్తిస్థాయిలో మొదలయింది. అదే కాలంలో సీమెన్స్, ఫిలిప్స్ కలిసి, జర్మన్, డచ్ ప్రభుత్వాల సాయంతో మెగాబిట్ మెమరీ చిప్‌ల ప్రాజెక్టును చేపట్టాయి. కానీ వెనుకబడిపోతామన్న ఆందోళనతో సీమెన్స్ 1985లో జపాన్‌కు చెందిన తోషిబా నుంచే ఒక మెగాబిట్ పరిజ్ఞానాన్ని కొనుక్కోవలసి వచ్చింది. 1989 నుంచి 1996 దాకా యురేకా అనే యూరప్ దేశాల ఉమ్మడి పరిశోధన వేదిక కింద నడిచిన జెస్సీ కార్యక్రమంలో సీమెన్స్, ఫిలిప్స్, ఎస్‌జీఎస్-థామ్సన్ ముఖ్య భాగస్వాములు. అందులో మెమరీ చిప్‌ల భాగం నుంచి ఫిలిప్స్ 1990లోనే తప్పుకుంది. ఆ తర్వాత మెడియా, మెడియా ప్లస్, కాట్రీన్ అనే కార్యక్రమాలు వచ్చాయి. ఇప్పటి చిప్స్ జాయింట్ అండర్‌టేకింగ్ 2008లో మొదలైన మరో పరంపరకు చివరి రూపం. ఇందులో యూరోపియన్ యూనియన్, సభ్య దేశాలు, పరిశ్రమ మూడూ తలా కొంత డబ్బు పెడతాయి.

వీటిలో మనం జాగ్రత్తగా గమనించవలసినది క్రోల్ కథ. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ దగ్గరి క్రోల్‌లో 2002లో ఎస్‌టీమైక్రోఎలక్ట్రానిక్స్, ఫిలిప్స్, మోటొరోలా కలిసి 300 మిల్లీమీటర్ల వేఫర్ల కర్మాగారాన్ని పంచుకుని, తయారీ పద్ధతులను ఉమ్మడిగా అభివృద్ధి చేసే ఒప్పందం చేసుకున్నాయి. ఐదేళ్లు బాగానే సాగింది. ఫిలిప్స్ చిప్‌ల విభాగం 2006లో ఎన్‌ఎక్స్‌పీగా విడిపోయింది, మోటొరోలా విభాగం అంతకు ముందే ఫ్రీస్కేల్ అయింది. కొత్త యజమానులు లెక్కలు వేసుకుని, ఎన్‌ఎక్స్‌పీ తైవాన్‌కు చెందిన టీఎస్‌ఎంసీ వైపు, ఫ్రీస్కేల్ ఐబీఎం కూటమి వైపు వెళ్లిపోయాయి. 2007 చివరికి కూటమి ముగిసింది. లూవెన్‌లో నిలిచిన పొత్తు క్రోల్‌లో ఎందుకు నిలవలేదు? పరిశోధన ఖర్చును పంచుకోవడం సులభం, కర్మాగారాన్ని పంచుకోవడం కష్టం. కర్మాగారం దగ్గరికి వచ్చేసరికి ఎవరి ఆర్డర్లు ముందు, ఖాళీగా ఉన్న యంత్రాల నష్టం ఎవరిది అన్న ప్రశ్నలు తలెత్తుతాయి. భాగస్వాముల్లో ఒకరి యాజమాన్యం మారితే చాలు, అంచనాలన్నీ తలకిందులవుతాయి. యూరప్ ఎక్కువసార్లు తడబడినది పరిశోధనకూ ఉత్పత్తికీ మధ్యనున్న ఈ దారిలోనే.

ప్రశ్న: చిప్‌ల చట్టం కింద ‘పైలట్ లైన్లు’ ఏర్పాటు చేస్తున్నారని చదివాను. ప్రయోగశాలకూ వీటికీ తేడా ఏమిటి?
– ఎం.టెక్. విద్యార్థిని, వరంగల్

జవాబు: పదిమందికి కుదిరిన వంట పెళ్లిలో వెయ్యిమందికి వండినప్పుడు అదే రుచితో రాదని మనకు తెలుసు. ఒక పరిశోధకుడు ఎంతో శ్రమించి ఒక వేఫర్ మీద ఒక ట్రాన్సిస్టర్‌ను అద్భుతంగా పనిచేయించవచ్చు. కానీ అదే ట్రాన్సిస్టర్ 300 మిల్లీమీటర్ల వేఫర్ మీద అంచు నుంచి అంచు వరకు కోట్ల సంఖ్యలో, ఈ రోజూ రేపూ ఒకే తీరుగా వస్తేనే పరిశ్రమ దాన్ని ముట్టుకుంటుంది. ఆ నమ్మకం కలిగించేందుకు, కర్మాగారంలో వాడే యంత్రాలతోనే, అమ్మకం కోసం కాకుండా పరీక్ష కోసం నడిపే ఉత్పత్తి వరుసే పైలట్ లైన్.

వీటిలో పెద్దది ఐమెక్ ఆధ్వర్యంలోని నానోఐసీ. దీని మొత్తం వ్యయం 250 కోట్ల యూరోలు. ఇందులో సుమారు 140 కోట్లు యూరోపియన్ యూనియన్, సభ్య దేశాల ప్రభుత్వాల నుంచి, మిగిలినది ఏఎస్‌ఎంఎల్ సహా పరిశ్రమ నుంచి వస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన సీఈఏ-లేటి, జర్మనీకి చెందిన ఫ్రాన్‌హోఫర్, ఫిన్లాండ్‌కు చెందిన వీటీటీ, ఐర్లాండ్‌కు చెందిన టిండల్ సంస్థ, రుమేనియాలోని ఒక విశ్వవిద్యాలయ కేంద్రం ఇందులో భాగస్వాములు. 2 నానోమీటర్ల తరాన్ని దాటిన చిప్‌లు దీని లక్ష్యం.

ఆ ‘2 నానోమీటర్లు’ అన్నది చిప్‌లో ఏ భాగం కొలతా కాదని గుర్తుంచుకోండి. అది తరం పేరు మాత్రమే. ఆ తరంలో పక్కపక్కనున్న రెండు ట్రాన్సిస్టర్ గేట్ల (విద్యుత్తును ఆపి, వదిలే భాగాల) మధ్య దూరం సుమారు 45 నానోమీటర్లు ఉంటుంది. దీన్ని ఇక తగ్గించడం చాలా కష్టం కాబట్టి, పరిశోధకులు ఎత్తు వైపు చూస్తున్నారు. ఇప్పటి కొత్త ట్రాన్సిస్టర్లలో సిలికాన్‌ను పలుచని రేకులుగా ఒకదాని మీద ఒకటి నిలిపి, గేట్ వాటి చుట్టూ నాలుగు వైపులా ఉండేలా చేస్తారు. తర్వాతి మెట్టులో ఎన్ రకం ట్రాన్సిస్టర్ మీద పీ రకం ట్రాన్సిస్టర్‌ను పెట్టి, రెండింటికీ ఒకే చోటు సరిపోయేలా చేయాలని ప్రయత్నిస్తున్నారు. దీన్ని సీఫెట్ అంటారు. విద్యుత్తును పైనుంచి కాకుండా వేఫర్ వెనుక వైపు నుంచి అందించే పద్ధతి కూడా ఐమెక్ ఎన్నో ఏళ్లుగా పనిచేసి పరిశ్రమకు అందించిన ఆలోచనల్లో ఒకటి. ఇందుకోసం వేఫర్‌ను తలకిందులు చేసి, మరో వేఫర్‌కు అతికించి, వెనుకనున్న సిలికాన్‌ను మైక్రోమీటరు కన్నా తక్కువ మందం మిగిలేదాకా అరగదీయాలి. ఆ క్రమంలో ముందు వైపున గీసిన ట్రాన్సిస్టర్లు ఏమాత్రం వంగినా వెనుకనుంచి వేసే తీగలు వాటికి అందవు. ఇలాంటి పనిని ప్రయోగశాలలో ఒకసారి చేసి చూపించడం చాలదని వేరే చెప్పనక్కర్లేదు.

మిగిలిన నాలుగింటి గురించి క్లుప్తంగా: గ్రెనోబుల్‌లో ఎఫ్‌డీ-ఎస్‌ఓఐ పరిజ్ఞానానికి ఫేమ్స్ (83 కోట్ల యూరోలు; దీని గురించి తర్వాతి ప్రశ్నలో), చిప్‌లను ఒకే ప్యాకేజీలో కలిపి అమర్చే పరిజ్ఞానానికి ఫ్రాన్‌హోఫర్ నడిపే ఏపెక్స్ (73 కోట్లు), ఇటలీలోని కటానియాలో సిలికాన్ కార్బైడ్ వంటి పదార్థాలకు ఒకటి, కాంతితో పనిచేసే చిప్‌ల కోసం బార్సిలోనా కేంద్రంగా పిక్స్‌యూరప్. మీరు విద్యార్థిని కాబట్టి ఒక సంగతి అదనంగా చెబుతున్నాం. కర్మాగారం ఇంకా సిద్ధం కాని తరం చిప్‌ల మీద కూడా డిజైనర్లు ముందుగానే సాధన చేయడానికి వీలుగా ఐమెక్ 2024లో 2 నానోమీటర్ల తరానికి ఒక ప్రాసెస్ డిజైన్ కిట్‌ను విడుదల చేసింది. విశ్వవిద్యాలయాల్లోని పరిశోధకులకు ఇది నిజంగా పెద్ద అవకాశం.

ప్రశ్న: ఫేమ్స్‌లో పరిశోధించే ఎఫ్‌డీ-ఎస్‌ఓఐ అంటే ఏమిటి?
– పాలిటెక్నిక్ అధ్యాపకురాలు, కర్నూలు

జవాబు: మామూలు వేఫర్ పూర్తిగా సిలికానే. ఎఫ్‌డీ-ఎస్‌ఓఐ వేఫర్‌లో మాత్రం పైన అతి పలుచని సిలికాన్ పొర, దాని కింద విద్యుత్తును సాగనివ్వని ఆక్సైడ్ పొర, ఆ కింద మళ్లీ సిలికాన్ ఉంటాయి. పై పొరలో కట్టిన ట్రాన్సిస్టర్ నుంచి విద్యుత్తు కిందికి కారిపోయే దారి మూసుకుపోతుంది. పైగా కింది సిలికాన్‌కు చిన్న వోల్టేజీ ఇచ్చి, అవసరమైనప్పుడు ట్రాన్సిస్టర్‌ను వేగంగానో, పొదుపుగానో పనిచేయించవచ్చు. బ్యాటరీ మీద నడిచే పరికరాలకు, రేడియో చిప్‌లకు ఇది బాగా పనికివస్తుంది. ఆ పలుచని పొరను అతికించే స్మార్ట్ కట్ పద్ధతి గ్రెనోబుల్‌లోని లేటి ప్రయోగశాలలో పుట్టింది. ఒక వేఫర్‌లోకి హైడ్రోజన్ అయాన్లను కొలిచిన లోతుకు దూర్చి, దాన్ని మరో వేఫర్‌కు అతికించి వేడి చేస్తే, సరిగ్గా ఆ లోతు దగ్గర పొర విడిపోతుంది. ఈ పద్ధతితో వేఫర్లు అమ్మేందుకు 1992లో అక్కడినుంచే సోయ్‌టెక్ కంపెనీ వెలిసింది. ఉమ్మడి పరిశోధన యూరప్‌లోనే కర్మాగారం దాకా చేరిన కొద్ది ఉదాహరణల్లో ఇదొకటి. ఇప్పుడు ఫేమ్స్ దీన్ని 10, 7 నానోమీటర్ల తరాలకు తీసుకుపోవాలని చూస్తున్నది.

ప్రశ్న: 20 శాతం లక్ష్యం నెరవేరుతుందా? ఇంటెల్ జర్మనీలో కర్మాగారాన్ని మానుకున్నదని విన్నాం.
– చార్టర్డ్ అకౌంటెంట్, అనంతపురం

జవాబు: నెరవేరే సూచనలు లేవు. యూరోపియన్ యూనియన్ ఖర్చులను తనిఖీ చేసే యూరోపియన్ కోర్ట్ ఆఫ్ ఆడిటర్స్ 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక ఈ మాటను సూటిగానే చెప్పింది. యూరోపియన్ కమిషన్ సొంత అంచనా ప్రకారమే 2022లో 9.8 శాతంగా ఉన్న వాటా 2030 నాటికి 11.7 శాతానికి మాత్రమే పెరుగుతుంది. మీ వృత్తికి తగినట్టు లెక్కలే చూద్దాం: చట్టం కింద 2030 దాకా అంచనా వేసిన మొత్తం 8,600 కోట్ల యూరోలలో కమిషన్ చేతిలో ఉన్నది 450 కోట్లే. ప్రపంచంలోని ప్రధాన చిప్ తయారీదారులు 2020 నుంచి 2023 వరకు మూడేళ్లకే కేటాయించుకున్న పెట్టుబడి 40,500 కోట్ల యూరోలు. మాగ్డెబర్గ్‌లో 3,000 కోట్ల యూరోలతో కట్టదలచిన కర్మాగారాన్ని ఇంటెల్ 2024 సెప్టెంబరులో వాయిదా వేసి, 2025 జులైలో పూర్తిగా విరమించుకుంది.

అయినా అసలు ఆ లక్ష్యమే సరైన కొలమానం కాదని మేం భావిస్తున్నాం. ఫోన్లూ, కంప్యూటర్లూ పెద్ద ఎత్తున తయారుకాని ఖండంలో అత్యాధునిక చిప్‌ల కర్మాగారాన్ని కడితే వాటిని కొనేదెవరు? అక్కడ కొనుగోలుదారు ఉన్నది కార్ల పరిశ్రమలో, యంత్రాల పరిశ్రమలో. 2021లో చిప్‌లు దొరకక కార్ల ఉత్పత్తి నిలిచిపోయినప్పుడు అందనివి చాలావరకు పాత తరం చిప్‌లే. ఆ అవసరాన్ని చూసి మొదలైనది జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఈఎస్‌ఎంసీ అనే ఉమ్మడి కంపెనీ. ఇందులో టీఎస్‌ఎంసీకి 70 శాతం, బాష్, ఇన్ఫినియన్, ఎన్‌ఎక్స్‌పీలకు తలా 10 శాతం వాటా. 2024 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. వెయ్యి కోట్ల యూరోలకు పైబడిన పెట్టుబడిలో 500 కోట్లు ప్రభుత్వ సాయం. 28 నుంచి 12 నానోమీటర్ల తరాల చిప్‌లను నెలకు 40,000 వేఫర్ల చొప్పున తయారుచేయాలన్నది ప్రణాళిక. క్రోల్‌లో లేనిది ఇక్కడ ఉన్నది ఒకటే: భాగస్వాములు కొనుగోలుదారులే అయినా, కర్మాగారాన్ని నడిపే బాధ్యత మాత్రం ఒక్కరిదే. 2025 సెప్టెంబరులో మొత్తం 27 సభ్య దేశాలూ చట్టాన్ని సవరించాలని కోరుతూ ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. కొత్త రూపంలో శాతాలను పక్కన పెట్టి, ఏ యంత్రం, ఏ పదార్థం, ఏ పరిజ్ఞానం విషయంలో ప్రపంచం యూరప్ వైపు చూడక తప్పదో వాటిని బలపరచడం మీద దృష్టి పెడితే మేలు. పరిశోధనకు ఇచ్చే డబ్బును కర్మాగారాల రాయితీలకు మళ్లిస్తే మాత్రం ఉన్న బలం కూడా పోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఇలాంటి పరిశోధనలో మన పిల్లలకు అవకాశం ఉంటుందా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: తప్పకుండా ఉంటుందమ్మా. యూరోపియన్ యూనియన్, భారత ప్రభుత్వం 2023 నవంబరులో సెమీకండక్టర్ల మీద అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. పరిశోధన, నైపుణ్యాల మార్పిడి అందులో భాగం. అయితే మీ అబ్బాయికి నేరుగా ఉపయోగపడే దారి చదువు. లూవెన్ విశ్వవిద్యాలయం సమన్వయం చేసే ఎరాస్మస్ ముండుస్ నానోసైన్స్, నానోటెక్నాలజీ మాస్టర్స్ కోర్సును ఆంగ్లంలో బోధిస్తారు. గ్రెనోబుల్, డ్రెస్డెన్, బార్సిలోనా, స్వీడన్‌లోని చాల్మర్స్ విశ్వవిద్యాలయాలు అందులో భాగస్వాములు. విద్యార్థులు ఒకటి కన్నా ఎక్కువ దేశాల్లో చదువుతారు. ప్రతిభావంతులకు ఉపకారవేతనం ఉంటుంది. ఆ తర్వాత పీహెచ్‌డీ చేయదలచుకుంటే బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీలలో పరిశోధక విద్యార్థికి సాధారణంగా జీతమో, ఉపకారవేతనమో ఇస్తారు. ఐమెక్ కూడా విశ్వవిద్యాలయాలతో కలిసి పీహెచ్‌డీ అంశాలను ప్రకటిస్తూ ఉంటుంది.

మన దగ్గర చిప్‌లు అనగానే వీఎల్‌ఎస్‌ఐ డిజైన్, వెరిఫికేషన్ ఉద్యోగాలే గుర్తుకు వస్తాయి, ఎందుకంటే హైదరాబాద్‌లో ఉన్నవి ఎక్కువగా అవే. కానీ పైన చెప్పిన రెసిస్ట్ సమస్యను చూడండి: అది రసాయన శాస్త్రం. అద్దాల పొరలు భౌతిక శాస్త్రం, తగరం బొట్లు మెకానికల్ ఇంజనీరింగ్. మీ అబ్బాయి ఏ బ్రాంచిలో ఉన్నా దారి మూసుకుపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో చిప్‌ల ప్యాకేజింగ్ యూనిట్‌కు కేంద్ర మంత్రివర్గం 2025 ఆగస్టులో ఆమోదం తెలిపింది కాబట్టి, తిరిగి వచ్చాక ఇక్కడ కూడా మెటీరియల్స్, ప్యాకేజింగ్ తెలిసినవారి అవసరం పెరుగుతుంది.

ఎరాస్మస్ ముండుస్ దరఖాస్తులను సాధారణంగా అక్టోబరు, జనవరి నెలల మధ్య స్వీకరిస్తారు. అందువల్ల నాలుగో సంవత్సరం మొదటి సెమిస్టరు మొదలయ్యేలోపే ఆంగ్ల భాషా పరీక్ష రాయించండి. ఈ వేసవిలోనే ఏదైనా ప్రయోగశాలలో చిన్న ప్రాజెక్టు చేస్తే, ఆ ఆచార్యుడినే సిఫారసు లేఖ అడగవచ్చు.